పెండ్లికి ముందటి వేడుకలు: ఏది ఎందుకు?



మొన్న మాఘమాసంలో మా వీధిలో ఒక పెండ్లిపిలుపు వచ్చింది. కవరు విప్పితే ఒకటి కాదు, అయిదు కార్డులు! పసుపుపచ్చది హల్దీకి, ఆకుపచ్చది మెహందీకి, ఊదారంగుది సంగీత్‌కు, గులాబీరంగుది బ్రైడల్ షవర్‌కు. అన్నిటికీ అడుగున లగ్నపత్రిక. మా పక్కింటావిడ ఆ కవరు చేతబట్టుకొని మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. "వదినా, పెండ్లికి పోవుడంటే తెలుసు. ఈ నాలుగూ ఏంది? దేనికి పోవాలె, దేనికి ఏం పెట్టాలె? ఏ రోజు ఏ రంగు చీర కట్టాల్నో కూడా రాసిండ్రు. నాకున్న ఒక్క పసుపుపచ్చ చీర చింపి బొంత కుట్టి రెండేండ్లాయె" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కాని ఆమె పోయిన తరువాత ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే మాట కాదనిపించింది. పెండ్లికి ముందు పెండ్లికూతురికి చేసే వేడుకలు ఇవాళ మన ఇండ్లల్లో రెండు వరుసలుగా నడుస్తున్నాయి. పాతవి మానలేం, కొత్తవి కాదనలేం. ఏది ఎందుకో తెలియకపోతే ఖర్చుకు ఖర్చు, అలసటకు అలసట, పైగా మాటపట్టింపులు. అందుకని ఆ రోజు ఆమెకు చెప్పిన నాలుగు మాటలూ కాస్త వరుసగా మీకూ చెబుతాను.

ముందు మన పాతవి చూద్దాం. 2016 అక్టోబరులో మన పాలమూరు జిల్లాను విడదీసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలు చేశారు. జిల్లాలు వేరైనా వియ్యాలు ఒక్కటే గదా! వనపర్తి పిల్లను గద్వాలకిస్తాం, నాగర్‌కర్నూలు పిల్లను తెచ్చుకుంటాం. అందుకని ఇంటింటికీ కులాన్ని బట్టి కొంచెం తేడా ఉన్నా మొత్తం మీద వరుస ఒకటే.

సంబంధం కుదిరిందంటే మొదట పూలు పండ్లు. మగపెండ్లివారు పూలు, పండ్లు, చీర తెచ్చి పిల్లకు బొట్టుపెట్టి, ఈ పిల్ల మా ఇంటి కోడలు అని నలుగురి ముందూ ఖాయం చేస్తారు. తరువాత లగ్గం కోటు. అయ్యగారు వచ్చి ముహూర్తం చూసి లగ్నపత్రిక రాస్తే రెండువైపుల పెద్దలూ దాన్ని మార్చుకుంటారు. ఈ రెండూ మాట కోసం, సాక్ష్యం కోసం చేసేవి. నలుగురూ విన్న మాటను తరువాత కాదనడం కష్టం. ఆ ధైర్యం ఆడపిల్ల తల్లిదండ్రులకు కావాలి గదా!

ఆ తరువాత బట్టలు. మన ప్రాంతంలో బట్టలంటే గద్వాల చీర పేరు రాకుండా ఉంటుందా? ఆ చీరకు ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. వేరువేరుగా నేసి కుట్టినవి కావు. మగ్గం మీదనే నూలుపోగునూ పట్టుపోగునూ ఒకదానితో ఒకటి ముడిపడేట్టు నేస్తారు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గాల మీదనే తయారవుతాయి, ఆ నేతగాళ్ళు నిష్ఠతో నేస్తారు. అటువంటి చేతుల నుంచి మన పిల్లకు చీర వస్తున్నది. రెండు ఇండ్ల ఆడవాళ్ళూ కలిసి పోయి ఈ బట్టలు కొనే రోజు కూడా ఒక వేడుకే. వియ్యపురాలి మాట తీరు, చెయ్యి తీరు మనకు మొదట తెలిసేది అంగడిలోనే!

ఇక పెండ్లి దగ్గరపడుతుందనగా పసుపు దంచడం. మంచి రోజు చూసి రోలు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, రోకండ్లకు పసుపుకొమ్ములు కట్టి కొట్నం మొదలుపెడతారు. ఒక్క రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తరువాత ఒకరు రోకలి వేస్తారు. దానికి పాట ఉండి తీరాలి. పాట సరదాకు మాత్రమే అనుకునేరు! ఇద్దరి రోకళ్ళూ తగులుకోకుండా లెక్క చూపేది పాటే. పాట తప్పితే దెబ్బ తప్పుతుంది. అలా దంచిన పసుపే తలంబ్రాల బియ్యానికి, నలుగుకు, గడపలకు, గౌరమ్మకు వాడేవారు. ఆ రోజుల్లో పొట్లం పసుపు ఎక్కడిది? పది ఇండ్ల ఆడవాళ్ళు వచ్చి దంచకపోతే పెండ్లికి పసుపే లేదు.

తరువాత ఐరేని కుండలు. మేళంతో కుమ్మరి ఇంటికి పోయి, ఆ ఇంటివారికి కట్నం పెట్టి, రంగులు పూసిన కుండలు నెత్తిన పెట్టుకొని తెస్తాం. కుమ్మరాయన కుండ ఇస్తేగాని పెండ్లి జరగదు. అంటే ఊళ్ళో ఒక కష్టజీవి గడపకు మనమే నడిచిపోయి అడిగి తెచ్చుకోవాలన్నమాట. ఇందులో ఎంత మర్యాద ఉందో చూడండి.

ఆ పైన పిల్లను పెండ్లికూతురిని చేయడం. పెసరపిండి, శనగపిండి, పసుపు, నూనె కలిపి నలుగుపెట్టి మంగళస్నానం చేయిస్తారు. మన వైపు చాలా ఇండ్లల్లో మైలపోలు అని కూడా ఒక స్నానం ఉంది. మేనమామ తెచ్చిన బట్టలు కడతారు, బుగ్గన చుక్క పెడతారు. ఆ రోజు నుంచి పిల్లను బయట తిరగనివ్వరు, బరువు పనులు చెప్పరు. పుట్టింట్లో ఆ పిల్లకు దొరికే ఆఖరి విశ్రాంతి అది. మగపెండ్లివారు దిగినాక ఎదుర్కోలు. దానితో పెండ్లిపందిట్లోకి వచ్చేశాం.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, వీటిలో ఒక సంగతి గమనించండి. ఏ ఒక్కటీ కూర్చొని చూసేది కాదు. ఒకరు దంచాలి, ఒకరు చెరగాలి, ఒకరు పాడాలి, ఒకరు కుండ మోయాలి, మేనమామ బట్టలు తేవాలి. వచ్చిన ప్రతి మనిషికీ పని ఉంది. పని ఉంది గనుకనే వాళ్ళు లేకపోతే లోటు తెలుస్తుంది. "నువ్వు రాకపోతే ఎట్లా?" అనే మాట వట్టి మర్యాద కాదు, నిజం.

ఇప్పుడు కొత్తవాటి సంగతి. హల్దీ అంటే హిందీలో పసుపు, మెహందీ అంటే మన గోరింటాకే. ఆషాఢంలో మనం రోట్లో రుబ్బి పెట్టుకొనే ఆకును ఎండబెట్టి పొడిచేసి, కోనులో నింపి ముగ్గులు దింపుతారు. చెట్టు ఒక్కటే. సంగీత్ ఉత్తరాది ఇండ్లల్లో పెండ్లికి ముందు సాయంత్రాలు ఆడవాళ్ళు చేరి పాటలు పాడుకునే ఆచారం. అంటే మన కొట్నం పాటలకు వరుసకు చెల్లెలు. మన ముస్లిం ఇరుగుపొరుగు ఇండ్లల్లో పెండ్లికూతురికి పసుపు పూసి పసుపుపచ్చ బట్టలు కట్టే మాంఝా, మగపెండ్లివారు బట్టలూ మెహందీ తెచ్చే సాంచక్ మనం చూడనివా ఏమిటి? కాబట్టి ఈ మూడింటినీ చూసి పరాయివని బెదరనక్కరలేదు.

బ్రైడల్ షవర్ మాత్రం దూరదేశం నుంచి వచ్చింది. షవర్ అంటే వాన, అంటే కానుకల వాన. దీనికి హాలెండు దేశం కథ ఒకటి చెబుతుంటారు. ఒక పిల్ల పేద పిండిమర మనిషిని ఇష్టపడిందట. తండ్రి ఒప్పుకోక కట్నం ఇవ్వనన్నాడట. అప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు తలా ఒక గిన్నె, తలా ఒక దుప్పటి తెచ్చి ఆ పిల్ల కాపురం నిలబెట్టారట. కథ నిజమో కాదో గాని అందులోని ధర్మం మనకు తెలిసిందే. లేనిపిల్లకు నలుగురూ కలిసి కాపురానికి సామాను సమకూర్చడం. ఇక స్నేహితురాండ్రు పెండ్లికూతురితో ఒక పూట సరదాగా గడిపేదాన్ని ఇంగ్లండులో హెన్ పార్టీ అంటారు, అమెరికాలో బ్యాచిలరెట్ పార్టీ అంటారు. అది పిల్లా, ఆమె స్నేహితులూ చూసుకునే సంగతి. తల్లులం మనం అందులో తల దూర్చనక్కరలేదు, ఖర్చు మన నెత్తిన వేసుకోనూ అక్కరలేదు.

మరి చిక్కెక్కడ వచ్చింది? పేరు మార్చినందుకు కాదు, పని పోయినందుకు. హల్దీ రోజున పసుపు పొట్లంలో వస్తుంది. పాట పెట్టెలోంచి వస్తుంది. పిల్లను పూలకుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసేవాళ్ళు ఇటు తిరుగు, అటు తిరుగు అంటుంటారు. వచ్చినవాళ్ళకు చేయడానికి పని లేక చీర రంగు చూసుకుంటారు, ఒకరి మెడలోది ఒకరు చూసుకుంటారు. కట్టుకోను ఆ రంగు చీర లేనావిడ రానే రాదు. మా పక్కింటావిడ భయం అదే.

మా ఇంట్లో పని చేసే ఆమె బిడ్డ పెండ్లి ఎండాకాలంలో జరిగింది. పాలమూరు నుంచి బొంబాయికీ పూనాకూ కూలికి పోయేవారి సంగతి మీకు తెలియనిది కాదు. వాళ్ళ చుట్టాలందరూ అట్లా పోయినవాళ్ళే. రెండు రోజుల కంటే ఎవరికీ సెలవు లేదు. అందుకని పొద్దున పసుపు దంచారు, మధ్యాహ్నం కుండలు తెచ్చారు, సాయంత్రం నలుగుపెట్టారు, తెల్లారి లగ్గం. నన్ను చూడగానే ఒకావిడ చేతికి చేట ఇచ్చి "అమ్మా, జర చెరుగుతవా" అంది. చెప్తే నమ్మరు, అయిదు కార్డుల పెండ్లిలో నాకు దొరకని ఆనందం ఆ చేటతో దొరికింది.

అయితే పాతదంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. పాతవాటిలో ఒక పెద్ద తప్పు ఉంది. అది నా ఇంట్లోనే, నా చేతి మీదుగానే జరిగింది గనుక చెప్పడానికి నాకు హక్కుందనుకుంటాను.

మా పెద్దక్క భర్త చిన్నవయసులోనే పోయాడు. మా అమ్మ దగ్గర కొట్నం పాటలన్నీ నేర్చుకున్నది అక్క ఒక్కతే. నా పెద్దబిడ్డ పెండ్లికి నెల ముందే వచ్చి అప్పడాలు ఒత్తింది, పచ్చళ్ళు కలిపింది, బియ్యం ఏరింది. పసుపు దంచే రోజున మాత్రం పొద్దున్నే తనంతట తానే వంటింట్లోకి పోయి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. రమ్మని నేను పిలవలేదు. అయిదుగురు ముత్తైదువలను పిలిచాను. రోలు సిద్ధం, రోకండ్లు సిద్ధం. పాట మాత్రం ఎవరికీ రాదు! ఎవరో ఫోనులో సినిమా పాట పెట్టారు. ఆ పాట లెక్క వేరు, రోకటి లెక్క వేరు. రెండు పోట్లు వేయగానే రోకండ్లు తగులుకున్నాయి. అందరూ నవ్వారు.

పెండ్లికూతురు నవ్వలేదు. లేచి వంటింటి గడప దగ్గరికి పోయింది. "పెద్దమ్మా, నువ్వు పాడితేనే నాకు పసుపు. లేకపోతే పొట్లమే తెప్పించుకుంటా" అంది. అక్క గాభరాపడి "వద్దు బిడ్డా, నా వల్ల నీకేమన్నా అయితే నేను బతికి ఉండి ఏం లాభం" అంది. హాలులో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి మా అత్తగారే, డెబ్భై దాటిన మనిషి, పీట మీద నుంచి కదలకుండా "పిల్ల అడిగింది, పాడనీయండి. పాటకు ఏం మైల?" అన్నారు. అక్క వంటింటి గడప దాటలేదు. గడప అవతల నిలబడే పాడింది. రోకండ్లు మళ్ళీ తగులుకోలేదు. ఆ పసుపంతా అక్క పాట మీద దంచినదే.

నా బిడ్డ కాపురం చల్లగా ఉంది. దానికి సాక్ష్యంగా ఈ కథ చెప్పడం లేదు. కాపురాలు బాగుండడానికీ చెడడానికీ కారణాలు వేరే ఉంటాయని ఇన్నేండ్లకు మనకందరికీ తెలుసు. నన్ను ఇప్పటికీ పొడిచేది ఏమిటంటే, ఆ గడప దాకా నాలుగడుగులు వేసి అక్క చెయ్యి పట్టుకొని తీసుకురావలసింది నేను. ఇరవై ఏండ్ల పిల్లకు వచ్చిన ధైర్యం నాకు రాలేదు. నెల రోజులు ఆమె చెమట అక్కరకొచ్చింది, ఆమె చెయ్యి మాత్రం రోటి మీద పనికిరాదా?

2022 మే నెలలో మన పొరుగున మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హెర్వాడ అనే గ్రామంలో గ్రామసభ కూర్చొని, భర్త పోయిన ఆడదాని గాజులు పగులగొట్టడం, బొట్టు తుడవడం, మెడలో సూత్రం తెంపడం వంటివి ఇక తమ ఊళ్ళో వద్దని తీర్మానం చేసింది. ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వం మిగతా గ్రామాలూ ఈ దారిన నడవాలని సూచించింది. ఒక ఊరు ఊరంతా చేయగలిగినప్పుడు మన ఇంట్లో ఒక రోటి దగ్గర మనం చేయలేమా?

కొత్త వేడుకలు డబ్బు లేనివాళ్ళను గడప బయట నిలబెడుతున్నాయి. పాత వేడుకలు భర్త లేనివాళ్ళను నిలబెట్టాయి. రెండు గడపలూ మనమే తీసేయాలి. పాతవాటి నుంచి పని ఉంచుకుందాం, కొత్తవాటి నుంచి సరదా తెచ్చుకుందాం. నూలూ పట్టూ ఒక్క మగ్గం మీద కలిసినట్టు ఇవీ కలుస్తాయి.

ఎట్లా అంటారా? ఆచరణలో పెట్టదగినవి కొన్ని చెబుతాను.

హల్దీ చేయాలని పిల్ల ముచ్చటపడితే కాదనవద్దు. అదే రోజు పొద్దున పసుపు దంచడం పెట్టండి. కిలోలకొద్దీ అక్కరలేదు, దోసెడు కొమ్ములు చాలు. వచ్చిన ప్రతి ఆడమనిషీ, ఆమెకు భర్త ఉన్నాడా లేడా, పిల్లలున్నారా లేరా అని అడగకుండా, తలా ఒక పోటు వేయాలి. ఆ దంచిన పసుపే పిల్లకు పూయండి. అంగట్లో పసుపులో మెటానిల్ ఎల్లో, సీసం కలిసిన రంగులు కలిపేవాళ్ళున్నారు. ఇంట్లో దంచినదైతే ఆ బెంగ కొంత తగ్గుతుంది.

సంగీత్ వేరే హాలులో ఎందుకు? కొట్నం దగ్గరే పాటలు. మీ ఇంట్లో పాతపాటలు వచ్చిన అవ్వ ఉంటే ఇప్పుడే పిల్లల చేత రాయించండి, ఫోనులో పట్టించండి. మన ఫోన్లు ఆ పనికి రావాలి.

మెహందీ పెండ్లికి రెండు రోజుల ముందు పెట్టించండి. మంచి గోరింటాకు మొదట నారింజరంగులో ఉండి, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. గంటలో నల్లగా పండుతుందని చెప్పే నల్లమెహందీ మాత్రం వద్దు. అందులో పి.పి.డి. అనే జుట్టురంగు మందు కలుపుతారు. కొందరికి అది పడక చేతులు బొబ్బలెక్కుతాయి, మచ్చలు మిగులుతాయి. పెండ్లికూతురి చేతుల మీద ఆ ప్రయోగం ఎందుకు?

షవర్ చేస్తే దాని ధర్మం మరవకండి. ఉన్నపిల్లకు ఇంకొక వెండి గిన్నె ఇవ్వడం కంటే, మీ వీధిలో లేని ఇంటి పిల్ల పెండ్లికి పది మంది కలిసి తలా ఒక వంటపాత్ర ఇచ్చి చూడండి. ఏ వేడుకలో వచ్చినా సరే, పిల్లకు వచ్చిన కానుకలన్నీ రాసిపెట్టండి. ఇది నా సలహా మాత్రమే కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో చేసిన నియమాలు పెండ్లి కానుకలకు జాబితా రాయమంటాయి. వస్తువేమిటి, విలువ సుమారుగా ఎంత, ఇచ్చినవారెవరు, వరుస ఏమిటి అని రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. పెండ్లికూతురి జాబితా పెండ్లికూతురి దగ్గరే ఉండాలి. శుభమా అని పెండ్లి చేస్తూ ఇవేం రాతలు అనకండి. లగ్గం కోటు కూడా రాతే గదా!

అన్నిటికన్నా ముందు పిల్లను అడగండి. ఇవాళ పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, పరీక్షలు రాస్తున్నారు. నాలుగు రోజులు నాలుగు వేషాలు వేసి, రాత్రిళ్ళు నిద్ర లేక, పెండ్లిపీటల మీద కునికిపాట్లు పడే పిల్లలను నేను చూశాను. పెండ్లికూతురిని చేయడమంటే ఆమెకు విశ్రాంతి ఇవ్వడమని పెద్దలు పెట్టిన అసలు అర్థం మరచిపోతే ఎట్లా?

ఇంతకూ మా పక్కింటావిడ సంగతి చెప్పలేదు గదూ! ఆమె హల్దీకి పోయింది. తనకున్న తెల్లని నూలుచీరనే కట్టుకొని పోయింది. నేరుగా పెండ్లికూతురి తల్లి దగ్గరికి నడిచి "వదినా, రంగు చీర లేదు గాని చేతులున్నయి. ఏం పని చెప్తవో చెప్పు" అని అడిగిందట. నలుగు కలిపే పని ఆమెకే ఇచ్చారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆ తెల్లచీర నిండా పసుపే. "చూడు వదినా, వాళ్ళు రాసిన రంగే అయింది" అని చూపించి నవ్వింది.

నా చిన్నబిడ్డకు సంబంధాలు చూస్తున్నాం. ఎప్పుడు కుదురుతుందో తెలియదు. కుదిరిన నాడు మా ఇంట్లో పసుపురోట్లో మొదటి పోటు మా పెద్దక్కది. ఈ మాట నలుగురి ముందూ చెప్పాను గనుక ఇక కాదనలేను. పూలు పండ్ల నాడు మాట ఇచ్చినట్టే అనుకోండి.